ఒక చెవి పాటకి, ఒక చెవి ఊరికి

ప్రకటనలు తియ్యడం నా వృత్తి. అవి టీవీలో రాగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోవడం మా ఆవిడ ప్రవృత్తి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రాకుండా సాగిపోయాయి.

రిటైరయినవాళ్ళు రాసుకునే పుస్తకాల్లో ఏ ఏడు ఏ కుర్చీ ఎక్కారో వివరంగా ఉంటుంది. నాకా శ్రమ లేదు. అమలాపురంలో ఒక కేబుల్ చానెల్ ప్రకటనల విభాగంలో చేరాను, ఆ విభాగంలోనే మానేశాను. విభాగం అంటే నేనే. రాసేది నేను, కెమెరా పట్టేది నేను, చివర గొంతు మార్చి "త్వరపడండి" అని అరిచేదీ నేనే. ఉన్న కుర్చీ ఒకటే కాబట్టి పైకి ఎదిగే అవకాశం లేకపోయింది, దాని మీద నిలబడి లైటు బిగించినప్పుడు తప్ప.

ఇప్పుడు మా వైపు కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని కొట్లకి రీళ్ళు తీసి పెడుతున్నారు. నాకన్నా బాగా తీస్తున్నారు. అయినా మర్యాదకి నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, కుర్రకారుకి ఎక్కేలా ప్రకటన ఎలా తియ్యాలండీ?" అని అడుగుతుంటారు. ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఒక కథ ఉంది. జవాబు లేనివాళ్ళు కథలే చెబుతారు కదా.

మా యజమాని సూత్రం

కథకి ముందు మా చానెల్ యజమాని గురించి ఒక మాట. ఆయనకి ప్రకటన అంటే కొట్టు పేరు. "మధ్యలో ఏదైనా పెట్టుకోవయ్యా, పేరు మాత్రం వాయించెయ్" అనేవారు. ఒకసారి ఒక పళ్ళ డాక్టరుగారి పేరు ఎన్నిసార్లు వాయించానంటే, విన్నవాళ్ళు పళ్ళు నూరుకోవడం మొదలుపెట్టారు. ఆయనకి ప్రాక్టీసు పెరిగింది.

ఆ రోజుల్లో యజమానిని చాటుగా వెక్కిరించేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన సగం ఒప్పే. పేరు జనానికి గుర్తుండాలి. మిగతా సగం ఏమిటంటే, ఏమని గుర్తుండాలి అన్నది. అది మాకు కొత్తపేటలో తెలిసింది.

మంచుకొండ మీద కుర్రాళ్ళు

క్యాసెట్లు మూలపడ్డాక, ఫోన్లలోకి పాటలు దిగక ముందు, మధ్యలో కొంతకాలం అగ్గిపెట్టెంత పాటల మిషన్లు వచ్చాయి. జేబులో వేసుకుని, ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లో పెట్టుకుని తిరగడమే. ఒక కంపెనీవారు దానికి పెద్ద చానెళ్ళలో ఘనమైన ప్రకటన వేసేవారు. మంచుకొండ మీద ఒక అబ్బాయి, ఒక అమ్మాయి గెంతుతూ ఉంటారు. వెనక డప్పులు. చివర్లో తెర నిండా అక్షరాలు: "లోకాన్ని మరిచిపో!"

ఆ కంపెనీ ఏజెన్సీ కొత్తపేటలో సుబ్బలక్ష్మిగారు తీసుకున్నారు. వాళ్ళాయన భాస్కర్రావు ఒకప్పుడు మంచి రేడియో మెకానిక్. రేడియోలు మూగబోయాక కువైట్ వెళ్ళి కారు తోలుతున్నాడు. ఖాళీగా పడున్న ఆయన కొట్టునే ఆవిడ మళ్ళీ తెరిచారు. ఒకరోజు బస్సెక్కి అమలాపురం మా ఆఫీసుకి వచ్చారు.

"అన్నయ్యగారండీ, కంపెనీ వాళ్ళ ప్రకటన మా కుర్రాళ్ళకి తెగ నచ్చేసిందండి. కాలేజీ వదిలేక రోజూ కొట్టుకొస్తన్నారు. నమూనా మిషను చెవిలో పెట్టుకుంటన్నారు. పాటైపోయేక 'భలే ఉందండీ ఆంటీ' అనేసి ఎల్లిపోతన్నారు."

"మళ్ళీ వస్తున్నారా?"

"ఆయ్. మర్నాడొచ్చి రెండో పాట ఇంటన్నారండి."

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

"దసరాకి మావారొస్తన్నారండి. కొట్టు నిలబడితే ఇంక ఎల్లరు. లేపోతే మళ్ళీ ఏదో కాగితం మీద సంతకం పెట్టేసి విమానమెక్కేత్తారు. ఆ కంపెనీ మేనేజరుగారేమో, దసరా ఎల్లేక చూస్తాను, కుర్రోళ్ళు కొనకపోతే ఏజెన్సీ రావులపాలెం మార్చేస్తానన్నారండి. మనూరిదిలా ఉండేలా ఓ ప్రకటన తియ్యాలండి మీరు."

ఆ మేనేజరుగారి పేరు వినయ్. హైదరాబాదు నుంచి వచ్చేవారు. "ఇది కోనసీమ కాదు మేడమ్, కొనని సీమ" అని సుబ్బలక్ష్మిగారితో అన్నారట. మనసులో మెచ్చుకున్నాను. నాకు రావలసిన మాట ఆయనకి వచ్చిందని కాస్త అసూయ కూడా.

అల్లవరం హిమాలయం

"మనూరిదిలా" అని ఆవిడ స్పష్టంగా చెప్పారు. నేను మాత్రం కంపెనీవాళ్ళ మంచుకొండకి తీసిపోకూడదు అని విన్నాను. కళాకారుడన్న భ్రమలో ఉన్నవాడి చెవి అలా పనిచేస్తుంది.

మంచు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆలోచించగా అల్లవరం వైపు రొయ్యల చెరువులు గుర్తొచ్చాయి. చెరువుల్లో గాలి కలపడానికి ఏరియేటర్లు తిరుగుతాయి కదా, వాటి రెక్కలు నీళ్ళని చిమ్మి తెల్లటి నురగ కొడతాయి. కెమెరా దగ్గరగా పెట్టి, వేగం తగ్గించి తీస్తే అచ్చం మంచు ఎగిరినట్టే ఉంటుంది. అలా అని నేను అనుకున్నాను.

హీరోగా సుబ్బలక్ష్మిగారి అబ్బాయి గోపీని తీసుకెళ్ళాను. డిగ్రీ చదువుతున్నాడు, బాగా పొడగరి. మా మావగారి మఫ్లరు, ఎవరిదో స్వెట్టరు వేసి చెరువు గట్టు మీద నిలబెట్టాను. ఉక్కపోత చంపేస్తోంది.

"మాస్టారూ, చెమట కారిపోతందండి."

"మంచు కరుగుతోంది అనుకుంటార్లే. నువ్వు గెంతు."

చెరువుగల ఆసామి చెయ్యెత్తి ఆపాడు. "గెంతులొద్దండీ బాబూ, రొయ్యలు బెదిరిపోతాయి. కావాలంటే మెల్లిగా ఎగరమనండి."

మెల్లిగా ఎగరడం ఎలాగో గోపీకి తెలియలేదు, నాకూ తెలియలేదు. మోకాళ్ళు వంచి లేచి, వంచి లేచి, గుంజీలు తీస్తున్నవాడిలా ఉన్నాడు. అయినా తీసేశాను.

ప్రకటన వేసిన మర్నాటి నుంచి కొట్టుకి ఫోన్లే ఫోన్లు. సుబ్బలక్ష్మిగారు నాకు ఫోన్ చేశారు.

"అన్నయ్యగారండీ, అందరికీ బాగా ఎక్కేసిందండి."

"చూశారా మరి!"

"ఆయ్. ఆ ఏరియేటర్ ఏ కంపెనీదని అడుగుతన్నారండి. నురగ బాగా కొడతందంట. ఒకాయన రొయ్యల మేత కూడా ఉందా అని అడిగేరు. ఇంకొకావిడ, పాపం కుర్రోడికి జొరంలా ఉంది, స్వెట్టరేసి ఎండలో గుంజీలు తీయించేరేటండీ అంటన్నారు."

పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి. మన వైపు జనానికి నురగ నురగలాగే కనిపిస్తుంది. తెలిసిన వస్తువుని తెలియని వస్తువుగా నమ్మించడం పెద్ద చానెళ్ళవాళ్ళకే చెల్లు.

సూర్రాజుగారి పరామర్శ

ఇక్కడితో ఆగితే బాగుండేది. తెర మీద ఎక్కలేదు కాబట్టి వీధిలోకి దింపుదామన్నాను. గోపీ రోజూ సాయంత్రం రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కొత్తపేట వీధుల్లో నడవాలి. నడిచే ప్రకటన. కంపెనీ చెప్పినట్టు లోకాన్ని మరిచిపోవాలి. వాడు ఆ పని శ్రద్ధగా చేశాడు.

అదే వీధిలో సూర్రాజుగారని కొబ్బరితోటల రైతు. సాయంత్రం పూట కొబ్బరికాయల రాశి పక్కన కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళందరినీ పలకరించడం ఆయనకి అలవాటు. పెద్దాయన పలకరిస్తే "ఆయ్" అనాలి. మా వైపు అది మాట కాదు, మర్యాద. అడిగినదానికి జవాబు తెలియకపోయినా ఫరవాలేదు, ముందు ఆయ్ అంటే చాలు.

"ఏరా గోపీ, మీ నాన్న ఎప్పుడొస్తన్నాడ్రా?"

పలుకు లేదు.

"అమ్మ కొట్లోనే ఉందా?"

పలుకు లేదు.

"పోనీ మీ మామ్మ బాగుందా? మొన్న ఒంట్లో బాలేదన్నారు?"

సరిగ్గా అప్పుడే గోపీ చెవుల్లో పాట ఊపందుకుంది కాబోలు, వాడు కళ్ళు మూసుకుని తల అటూ ఇటూ ఊపుకుంటూ, పెదవి కొరుక్కుంటూ వెళ్ళిపోయాడు.

సూర్రాజుగారు లేచి నిలబడ్డారు. మామ్మ బాగుందా అంటే కుర్రాడు మాట రాక, కళ్ళు మూసుకుని, లేదన్నట్టు తల ఊపి వెళ్ళాడు. ఇంకేం కావాలి? పైకండువా దులిపి భుజాన వేసుకుని, భార్య సత్యవతిగారిని వెంటబెట్టుకుని గోపీ వాళ్ళింటికి బయల్దేరారు. తలుపు తీసింది మామ్మగారే. మహాలక్ష్మమ్మగారు, గోపీ నాయనమ్మ.

"రండి రండి సూర్రాజుగారూ. ఏటండీ, మొహం అలా వేళ్ళాడేసుకొచ్చేరు?"

సూర్రాజుగారు ఒక అడుగు వెనక్కి వేశారు. "అదికాదండీ... మీరు... ఎల్లిపోయేరనీ..."

"ఎక్కడికండీ? మోకాలు నొప్పితో వీధిలోకే ఎల్లట్లేదు."

"మీ మనవడే చెప్పేడండి!"

"ఆడికేం తెలుసండీ, నాకు తెలీకుండా?" అని ఆవిడ కాఫీ పెట్టి పంపించారు.

సత్యవతిగారు దారి పొడుగునా నవ్వారట. సూర్రాజుగారు నవ్వలేదు. బతికున్న మనిషిని పరామర్శించిన అవమానం చిన్నదా? మర్నాడు కుర్చీలో కూర్చుని ఆ కొట్టుకి కొత్త పేరు పెట్టారు: చెవిటి మిషన్ల కొట్టు. "అవి పెట్టుకుంటే ఉన్న చెవులు పోతాయండీ" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పారు. రెండో పాట వినడానికి వచ్చే కుర్రాళ్ళని కూడా ఇళ్ళల్లో వెళ్ళొద్దన్నారు. మా యజమాని కోరినట్టే కొట్టు పేరు ఊరంతా మారుమోగింది.

దసరా దగ్గరపడుతోంది.  "మావారికి ఫోన్లో ఏం చెప్పాలో తెలీట్లేదండి" అన్నారు సుబ్బలక్ష్మిగారు, అంతే. తిట్టినా బాగుండును.

సర్దుబాటు

ఇద్దరం కలిసి సూర్రాజుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కుర్చీలో కాస్త అటు తిరిగి కూర్చున్నారు.

"పాటలొద్దని నేనన్లేదండీ," అన్నారు చివరికి. "మేమూ కుర్రతనంలో విన్నాం. రికార్డు పెడితే ఊరందరికీ వినపడేది. ఇదేటండీ, ఒక్కడే వినడం! పోనీ విననివ్వండి. పిలిస్తే ఆయ్ అనొచ్చు కదా? దానికో చెవి ఖాళీ ఉంచుకుంటే ఏం పోయింది?"

తిరిగి వస్తుంటే ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. రెండో ప్రకటన మహాలక్ష్మమ్మగారి అరుగు మీదే తీశాను. మంచు లేదు, మఫ్లరు లేదు. గోపీ ఒక చెవిలో పాట వింటూ ఉంటాడు. లోపల్నుంచి మామ్మ పిలుస్తుంది. "ఆయ్" అని లేచి మంచినీళ్ళు తెచ్చి ఇస్తాడు. ఆవిడ వేళ్ళాడుతున్న రెండో ఇయర్‌ఫోన్ తీసి తన చెవిలో పెట్టుకుని, బోసినోటితో నవ్వుతుంది. చివర అక్షరాలు: "ఒక చెవి పాటకి, ఒక చెవి ఊరికి."

మహాలక్ష్మమ్మగారు ఒకే టేకులో చేశారు. తరవాత ఇయర్‌ఫోన్ తిరిగి ఇమ్మంటే ఇవ్వలేదు. "పాటైపోలేదండీ" అన్నారు.

మా యజమాని చూసి, "కొట్టు పేరు ఒక్కసారే చెప్పేవేంటయ్యా?" అని నొచ్చుకున్నారు. మంచి టైములన్నీ బంగారం కొట్లవాళ్ళు పట్టేయడంతో, మధ్యాహ్నం పాత సినిమా మధ్యలో పడేశారు. ఆ వేళ కుర్రాళ్ళంతా కాలేజీల్లో ఉంటారు. టీవీ ముందు ఉండేది ఎవరు?

వయసు కిందటి వయసు

ఎవరో వారంలో తేలింది. కొట్టు నిండా మామ్మలు. "నాకు మహాలక్ష్మమ్మగారు పెట్టుకున్నదే కావాలండీ", "రెండో చెవిది మా తోటికోడలికి ఇస్తానండీ", "భక్తి పాటలెక్కించండి, మధ్యలో రెండు సినిమా పాటలు కూడా, మావారికి చెప్పకండేం". పరామర్శకి వెళ్ళి నవ్వుతూ తిరిగొచ్చిన సత్యవతిగారు అందరికన్నా ముందే వచ్చి కొనుక్కున్నారు.

అమ్మకం బాగుంది. కుర్రాళ్ళు మాత్రం పూర్తిగా మాయమయ్యారు. గోపీ దిగాలుగా, "మావోళ్ళెవరూ ఇటు రావట్లేదమ్మా, మామ్మల మిషనంటన్నారు" అన్నాడు.

దసరా వెళ్ళింది. పండక్కి భాస్కర్రావు వచ్చాడు. కొట్లో ఒక మూల స్టూలు మీద, చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కూర్చునేవాడు. కువైట్ నుంచి కొత్త కాగితాలు వచ్చాయనీ, ఇంకా సంతకం పెట్టలేదనీ సుబ్బలక్ష్మిగారు నా చెవిన వేశారు. ఆ రోజే వినయ్‌గారు దిగారు. నేనూ వెళ్ళి నిలబడ్డాను. పెట్టిన నిప్పు ఎంత దూరం వెళ్ళిందో చూసుకోవాలి కదా.

ఆయన గల్లా ముందున్న మామ్మలని ఒక చూపు చూశారు. "సేల్ ఉంది మేడమ్, ఒప్పుకుంటా. కానీ మా ప్రోడక్ట్ యూత్ కోసం. పాతికేళ్ళ లోపు వాళ్ళు ఎవరండీ ఇక్కడ?"

"అందరమూనండీ," అన్నారు మహాలక్ష్మమ్మగారు, చెవిలోది తియ్యకుండానే. "కాపోతే మీరు కాస్త ఆలస్యంగా వచ్చేరు."

వినయ్‌గారు నవ్వలేదు. "సారీ మేడమ్. రావులపాలెం వాళ్ళకి మాట ఇచ్చేశాను" అంటూ సంచి సర్దుకున్నారు. సుబ్బలక్ష్మిగారు నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. భాస్కర్రావు అరచేతులు చూసుకుంటున్నాడు.

అప్పుడు గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది. "ఆంటీ, నాకో మిషనివ్వండి."

సూర్రాజుగారి మనవడు చిట్టిబాబు, ఇంటరు చదువుతున్నాడు. వాడి మొహం కందగడ్డలా ఉంది.

"మీ మామ్మగారు తీసుకెళ్ళేరు కదయ్యా?"

"అందుకేనండి! ముట్టుకోనివ్వట్లేదండి. పొద్దున్న భక్తి పాటలంటది, మధ్యాహ్నం పాత పాటలంటది, పడుకునేటప్పుడు దిండు కింద పెట్టేసుకుంటది. కాసేపియ్యి మామ్మా అంటే, 'నీకు చదువుంది కదరా, నాకేముంది' అంటదండి."

వినయ్‌గారు సంచి కింద పెట్టారు. "బాబూ, మా యాడ్ చూశావా? మంచుకొండ?"

"చూసేనండి. భలే ఉంటదండి."

ఆయన మొహం వెలిగింది. "అది చూసే కొనాలనిపించింది, అవునా?"

"అబ్బే, లేదండి. అది చూస్తే ఆ కొండెక్కాలనిపించిందండి." చిట్టిబాబు తల గోక్కున్నాడు. "మిషను కొనాలనిపించింది మామ్మని చూసేనండి. ఒక్కత్తీ కూర్చుని నవ్వుకుంటదండి. అడిగితే చెప్పదు. ఏం ఇంటందో తెలీక చచ్చిపోతన్నామండి ఇంట్లో."

"మరి మీ తాతగారు ఒప్పుకున్నారా?" అన్నాను నేను, భయం భయంగా.

"ఆయ్. ఒక చెవికేనన్నారండి." గుమ్మం బయటికి చెయ్యి ఊపాడు. "మావోళ్ళు కూడా వచ్చేరండి. ఆళ్ళ మామ్మలూ అంతేనంట."

కాలేజీ పుస్తకాలతో కుర్రాళ్ళు లోపలికి వచ్చారు. వినయ్‌గారు కాసేపు వాళ్ళని చూసి, కాసేపు మామ్మలని చూసి, "సరే మేడమ్, ఇక్కడే ఉంచుదాం. ఎందుకని ఆఫీసులో అడిగితే ఏం రాయాలో నాకు తెలీటం లేదు" అన్నారు.

ఆ మాట అందరికన్నా ముందు భాస్కర్రావుకి వినపడినట్టుంది. స్టూలు మీంచి లేచి, గల్లా వెనక్కి వెళ్ళి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"ఏ పాటలెక్కించమంటావు బాబూ?" అన్నాడు చిట్టిబాబుతో.

సుబ్బలక్ష్మిగారు స్టూలు తీసి లోపల పెట్టేశారు.

చివరికి తేలింది

కాబట్టి పిల్లలూ, టీవీలో పాటల మిషన్ల ప్రకటనలు కుర్రకారుకి నచ్చుతాయా అంటే, తప్పకుండా నచ్చుతాయి. ప్రకటన నచ్చుతుంది. వస్తువు మీదికి మనసు పోవాలంటే మాత్రం, పక్కవాడు ఏదో విని నవ్వుకుంటూ వీళ్ళకి చెప్పకుండా ఉండాలి. ఆ నవ్వుని ఏ మంచుకొండ మీదా తియ్యలేం. నేను తీసింది కూడా తెలిసి తీసింది కాదు.

తరవాత ఫోన్లలోకి పాటలు వచ్చేశాయి, ఆ మిషన్లు పోయాయి. కొట్టు పోలేదు. భాస్కర్రావు మళ్ళీ కువైట్ వెళ్ళలేదు. ఫోన్లు బాగుచేశాడు, స్పీకర్లు అమ్మాడు. ఈమధ్య అద్దాల అరలో నిజంగానే చెవిటి మిషన్లు పెట్టాడు. "ఊరు పెట్టిన పేరండీ, ఎప్పటికైనా నిలబెట్టుకోవాలి కదా" అన్నాడు.

వాటిలో ఒకటి నేనే కొన్నాను. మా ఆవిడ పిలిస్తే నేను పలకడం లేదని తేలింది. ప్రకటనలు వచ్చినప్పుడు ఆవిడ ఇన్నాళ్ళూ వెళ్ళిపోయినందుకు ఇది ప్రతీకారం అనుకుంది కానీ, కాదు, వయసే. ఎడమ చెవిలో చిన్న గింజలా ఉంటుంది, వైరు ఉండదు.

మొన్న దాన్ని సరిచేయించుకుందామని అమలాపురంలో కొత్తపేట బస్సెక్కాను. పక్కన ఒక కాలేజీ కుర్రాడు. చాలాసేపు నా చెవి వంకే చూస్తున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ, ఆ పాత సంగతులు గుర్తొచ్చి, నాలో నేను నవ్వుకుంటున్నాను. ఆఖరికి వాడు ఆగలేకపోయాడు.

"మాస్టారూ, ఏమనుకోకండి. ఏం ఇంటన్నారండీ? అంత చిన్నది ఎక్కడ దొరికిందండీ? భలే ఉందండి."

"కొత్తపేట. భాస్కర్రావుగారి కొట్టు" అన్నాను. నా వృత్తి నా నోటికి అంటుకుపోయింది మరి.

కొత్తపేటలో బస్సు దిగాక వాడు స్నేహితులని వెంటేసుకుని కొట్టు వైపు గబగబా నడిచాడు. పాపం, ఆపి నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఇంతలో వెనక నుంచి ఎవరో, "ఏవండీ మాస్టారూ, బాగున్నారా?" అని పిలిచారు.

"ఆయ్" అని అటు తిరిగాను.